ఏసీ వేస్తే వణికే డీజిల్ కారు: ఇంటి ముందే తేల్చిన ఇంజిన్ మౌంటింగ్ కేసు

కారు 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. 1.3 లీటర్ల 4 సిలిండర్ల ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్. మీటరు మీద 1,12,000 కిలోమీటర్లు. ఓనరు తెనాలిలో రిటైరైన లెక్కల మాస్టారు. బండి ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతుంది, పండగలకీ పబ్బాలకీ పల్లెకి వెళ్లొస్తుంది. కంప్లైంటు ఆయన మాటల్లోనే: "సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ జివ్వుమంటోందయ్యా. ఏసీ వేస్తే అద్దంలో వెనక బండి నంబరు కూడా కనపడట్లేదు. రివర్స్‌లో క్లచ్ వదిలితే కింద దబ్ మంటోంది."

నా దగ్గరికి రాకముందే ఈ కారుకి రెండు తీర్పులు వచ్చేశాయి. ఒక గ్యారేజీలో ఇంజెక్టర్లు దింపి క్లీన్ చేయాలన్నారు, క్లచ్ సెట్ కూడా పోయిందన్నారు. ఇంకొకచోట, ఇంజిన్‌ని రబ్బరుతో బాడీకి పట్టి ఉంచే మౌంటింగుల్లో ఒకటైన, కింద ఉండే టార్క్ రాడ్ ఒక్కటే మార్చి పంపించారు. అది మార్చాక శబ్దం కొంచెం తగ్గింది, వణుకు మాత్రం పెరిగింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సమాచారం ఈ చివరి ముక్కే. ఒక మౌంటింగ్ మార్చాక వణుకు పెరిగిందంటే, ఇంజిన్ అదే, దాని కొట్టుకోవడం అదే. ఆ కొట్టుకోవడం బాడీలోకి చేరే దారి మారింది.

మౌంటింగ్ కేసుల్లో మొదట తేల్చాల్సిందీ ఇదే. వణుకు ఇంజిన్‌లో పుడుతోందా, లేక ఇంజిన్ మామూలుగానే ఉండి, మధ్యలో ఆపాల్సిన రబ్బరు ఆపలేకపోతోందా? ఈ ప్రశ్నకి జవాబు రాకుండా పానా పట్టుకుంటే ఇంజెక్టర్లు దిగుతాయి, క్లచ్ సెట్ దిగుతుంది, వేల రూపాయలు ఖర్చవుతాయి, వణుకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జవాబు కోసం లిఫ్ట్ అక్కర్లేదు. ఇంటి ముందు చదునైన నేల, టార్చి, ఫోను, సాయానికి ఒక మనిషి ఉంటే చాలావరకు తేలిపోతుంది. మాస్టారి కారు కేసు వాళ్ల గేటు ముందే తేలింది.

మౌంటింగులు మోసేది బరువొక్కటే కాదు

ముందు చక్రాలు లాగే ఈ తరహా చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. కుడివైపు, అంటే బెల్టు లేదా టైమింగ్ చైన్ ఉండే వైపు, ఒక మౌంటింగ్. ఎడమవైపు గేర్‌బాక్స్ మీద ఇంకొకటి. ఈ రెండూ బరువు మోస్తాయి. వెనక కింద క్రాస్ మెంబర్‌కి, అంటే బాడీ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలానికి, కలుపుతూ చిన్న టార్క్ రాడ్ ఉంటుంది. అది బరువు మొయ్యదు, ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఒరిగిపోకుండా పట్టుకుంటుంది.

ఆ పట్టుకోవడం ఎంత పనో చాలామందికి ఊహకి అందదు. ఈ సైజు డీజిల్ ఇంజిన్ 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుందనుకోండి. ఫస్ట్ గేరూ, రెండు చక్రాలకీ బలాన్ని పంచే డిఫరెన్షియలూ కలిపి దాన్ని సుమారు 13 రెట్లు పెంచి చక్రాలకి పంపుతాయి. అంటే యాక్సిల్ దగ్గరికి వచ్చేసరికి 2,400 పైనే. డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది కాబట్టి చక్రాలని ముందుకి తిప్పే ఆ బలమంతా ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసిన దిమ్మని వెనక్కి తిప్పాలని చూస్తుంది. టార్క్ రాడ్ తిరుగుడు కేంద్రానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఫుల్ లోడ్‌లో దానిమీద పడే లాగుడు 800 కిలోల బరువుకి సమానం. పిడికిలంత రబ్బరు బుష్ ఆ పని చేస్తుంది, రోజుకి ఎన్నోసార్లు, అటూ ఇటూ.

కుడివైపు మౌంటింగ్ కథ వేరు. ఈ కారులో అది ఉత్త రబ్బరు కాదు, లోపల గ్లైకాల్ కలిసిన ద్రవం ఉన్న హైడ్రాలిక్ రకం. కింద ఒక గది, పైన ఒక గది, మధ్యలో సన్నటి వంపు దారి. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, వచ్చే చిన్న కదలికలకి మెత్తగా లొంగిపోవాలి. స్పీడ్ బ్రేకర్ మీద ఇంజిన్ మొత్తం ఎగిరిపడబోతే మాత్రం బిగుసుకోవాలి. ఉత్త రబ్బరుతో ఈ రెండూ ఒకేసారి కుదరవు. ద్రవం ఆ సన్నటి దారిలోంచి పోవాల్సి రావడంతో పుట్టే బిగువు, సైకిల్ పంపు మూతిని వేలితో సగం మూసి కొట్టినప్పుడు చేతికి తగిలే బిగువు లాంటిదే. ద్రవం కారిపోతే ఆ బిగువు పోతుంది, ఇంజిన్ కిందికి జారి మౌంటింగ్‌లోని ఆఖరి అడ్డు మీద కూర్చుంటుంది. అక్కడినుంచి ప్రతి అదురూ నేరుగా బాడీకి చేరుతుంది.

బోనెట్ ఎత్తకముందు అడిగినవి

హైవే మీద 80, 90 వేగంలో వణుకు ఉందా అని అడిగాను. లేదన్నారు. ఉంటే ముందు టైర్ల బ్యాలెన్సింగూ, రిమ్ములూ, యాక్సిలూ చూడాల్సివచ్చేది, ఎందుకంటే ఆ వణుకు కారు వేగాన్ని బట్టి మారుతుంది. ఆగి ఉన్నప్పుడు కొంచెం యాక్సిలరేటర్ తొక్కితే? తగ్గిపోతుందన్నారు. ఏసీ కంప్రెసర్ ఆన్ అయిన క్షణంలో పెరుగుతుందా? పెరుగుతుంది. అంటే వణుకు కారు వేగాన్ని కాదు, ఇంజిన్ వేగాన్నీ దాని మీది లోడునీ పట్టుకుని ఉంది. ఇంతవరకు మిస్సింగ్‌కీ (ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడానికీ) మౌంటింగ్‌కీ తేడా తేలదు, రెండూ ఇలాగే ప్రవర్తిస్తాయి.

క్లచ్ మీద అనుమానం మాత్రం ఇక్కడే చాలావరకు తీరిపోయింది. క్లచ్ ప్లేటు అదురు క్లచ్ సగం పట్టే సమయంలోనే వస్తుంది, పూర్తిగా వదిలాక పోతుంది. న్యూట్రల్‌లో నిలబడి ఉన్న కారు స్టీరింగ్ వణకడానికి క్లచ్ ప్లేటుకి సంబంధం లేదు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల బరువు చక్రం) ఉన్న కార్లలో అది అరిగితే న్యూట్రల్‌లోనూ గలగల వస్తుంది. కానీ ఆ చప్పుడు క్లచ్‌ని కప్పి ఉండే గేర్‌బాక్స్ గంట దగ్గరినుంచి వినిపిస్తుంది, క్లచ్ తొక్కినప్పుడు మారుతుంది. ఇక్కడ క్లచ్ తొక్కినా వదిలినా న్యూట్రల్ వణుకులో తేడా లేదు. మరి క్లచ్ సెట్ పోయిందని ఎలా చెప్పారో నాకు అర్థం కాలేదు. రివర్స్‌లో దబ్ మన్నది కాబట్టి క్లచ్ అనేశారేమో. ఇంతమాత్రానికి గేర్‌బాక్స్ దింపించడం అన్యాయం.

ఫోను చెప్పిన లెక్క

మిస్సింగా, మౌంటింగా అన్నది తేల్చడానికి నేను ముందు ఫోను వాడతాను. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోనులో ఉన్న కదలికల సెన్సరుని వాడి, వణుకులో సెకనుకి ఎన్నిసార్లు కొట్టుకునే భాగం ఎంత ఉందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. లెక్కల మాస్టారు కావడంతో దీని దగ్గర ఆయనకి నాకన్నా ఉత్సాహం వచ్చింది.

లెక్క సులువు. 4 సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఒక చుట్టు తిరిగితే 2 సార్లు మండుతుంది. ఐడిలింగ్ 850 ఆర్‌పీఎం అయితే సెకనుకి 14 చుట్లు, అంటే సెకనుకి 28 దెబ్బలు. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే వణుకంతా ఈ 28 దగ్గరే పోగవుతుంది. ఒక సిలిండర్ సరిగ్గా మండకపోతే ఆ లోటు 2 చుట్లకి ఒకసారి వస్తుంది. అప్పుడు 7 దగ్గర ఒక కొత్త శిఖరం లేస్తుంది. అది మెల్లగా, వంకరగా ఊగే వణుకు, సీట్లో కూర్చుంటే నడుముకి తెలుస్తుంది. మౌంటింగ్ పోయినప్పుడు కొత్త శిఖరం రాదు. ఉన్న 28 శిఖరమే ఎత్తు పెరుగుతుంది.

ఫోనుని చేత్తో పట్టుకోకూడదు, మన చెయ్యే సగం వణుకు మింగేస్తుంది. డ్రైవర్ సీటు పట్టా మీద, ముందు చక్రాలకి దగ్గరగా ఉండే ఇనుప భాగం మీద, రెండువైపులా అంటుకునే టేపుతో బిగించాను. ఇంజిన్ ఆపి ఒకసారి, ఐడిలింగ్‌లో ఏసీ లేకుండా ఒకసారి, ఏసీతో ఒకసారి. చాలా ఫోన్లు సెకనుకి కనీసం 100 కొలతలు తీసుకుంటాయి కాబట్టి 50 వరకు ఉన్న కంపనాలు నమ్మకంగా కనపడతాయి, ఈ పనికి అది చాలు. గ్రాఫ్ మీద 28 దగ్గర నిలువుగా ఒక స్తంభం లేచింది. ఏసీ వెయ్యగానే ఐడిలింగ్ కాస్త పెరిగి స్తంభం పక్కకి జరిగింది, ఎత్తు ఇంకా పెరిగింది. 7 దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

"అంటే నాలుగూ సమానంగానే మండుతున్నాయన్నమాట" అన్నారు మాస్టారు. అన్నమాటే. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో, అంటే కారు కంప్యూటర్‌ని చదివే సాకెట్‌లో, స్కానర్ పెట్టి ఇంకోసారి రూఢి చేసుకున్నాను. డీజిల్ ఇంజిన్లో ఏ సిలిండర్ వెనకబడితే దానికి కంప్యూటర్ ఇంధనం కొంచెం ఎక్కువ పోసి సరిచేస్తుంది. ఆ దిద్దుబాటు అంకెలు నాలుగింటికీ సున్నాకి దగ్గరగానే ఉన్నాయి. ఇంజెక్టర్లు అడిగింది పోస్తున్నాయి. వాటిని దింపాల్సిన పని లేదు.

ఇక్కడొక మాట 3 సిలిండర్ల కార్లున్నవాళ్లకి. మీ ఇంజిన్ చుట్టుకి ఒకటిన్నరసార్లే మండుతుంది, 850 దగ్గర సెకనుకి 21 దెబ్బలు. ఆ తక్కువ కంపనం ఒంటికి ఎక్కువగా తెలుస్తుంది, కొత్త కారులోనూ తెలుస్తుంది. పక్కింటివాళ్ల 4 సిలిండర్ల కారుతో పోల్చుకుని మౌంటింగులు మార్పించుకోకండి. మీ కారే కొత్తలో ఎలా ఉండేదో దానితో పోల్చండి. బండి బాగున్నప్పుడే ఒక గ్రాఫ్ తీసి దాచుకోగలిగితే ఇంకా మంచిది.

సగం క్లచ్‌తో ఇంజిన్‌ని ఒరిగించి చూడటం

వణుకు దారి మౌంటింగులే అని తేలాక, మూడింటిలో ఏది అన్నది మిగిలింది. దీనికి బోనెట్ ఎత్తి, ఇంజిన్‌కి లోడు ఇచ్చి, అది ఎటు కదులుతుందో కళ్లతో చూడాలి. స్టీరింగ్ దగ్గర బాగా డ్రైవింగ్ వచ్చినవాళ్లే కూర్చోవాలి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, చక్రాల ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి చూడాలి. చూసేవాళ్లు కారు పక్కన నిలబడాలి. బంపర్ ముందు ఎట్టి పరిస్థితిలోనూ నిలబడకూడదు, వెనకా వద్దు. చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేతులు ఫ్యాను బెల్టు దగ్గరికి రానివ్వకూడదు.

మాస్టారి అబ్బాయి సీట్లో కూర్చున్నాడు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంది. కుడికాలు బ్రేకు మీద గట్టిగా ఉంచి, ఫస్ట్ గేరు వేసి, ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కేదాకా క్లచ్ వదిలి మళ్లీ తొక్కెయ్యమన్నాను. ఒక్క సెకను చాలు, యాక్సిలరేటర్ తొక్కకూడదు. పట్టి ఉంచితే క్లచ్ కాలుతుంది, ఉన్న సమస్యకి ఇంకొకటి తోడవుతుంది. తర్వాత అదే రివర్స్‌లో. ఆటోమేటిక్ కారైతే బ్రేకు తొక్కి డీ (డ్రైవ్)లోంచి ఆర్ (రివర్స్)లోకి, ఆర్‌లోంచి డీలోకి మారిస్తే సరిపోతుంది.

అన్ని ఇంజిన్లూ ఒరుగుతాయి. ఒరిగి, మెత్తగా ఆగి, మెత్తగా తిరిగి రావాలి. నేను చూసేది ఎంత ఒరిగిందన్నది కాదు, ఎలా ఆగిందన్నది. ఒక హద్దుకి కొట్టుకుని ఆగితే అక్కడ రబ్బరు మిగల్లేదని అర్థం. కంటికి ఇది రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తాను. ఇంజిన్ మీద ఒక సుద్దగీత, దానికి ఎదురుగా బాడీ మీద ఒక గీత గీస్తే కదలిక కచ్చితంగా తెలుస్తుంది.

వీడియోలో ఫస్ట్ గేరులో ఇంజిన్ దాదాపు ఒరగలేదు. ఇది అనుమానించాల్సిన విషయమే. ఆ మార్చిన టార్క్ రాడ్ బుష్ మామూలుకన్నా గట్టిది అనిపించింది. రివర్స్‌లో అసలు దృశ్యం దొరికింది. ఇంజిన్ ముందుకో వెనక్కో ఒరగడం కాదు, కుడి చివర పైకి లేచింది. క్లచ్ తొక్కగానే కూలబడింది, అదే క్షణంలో దబ్ మన్నది. ఎడమ చివర, అంటే గేర్‌బాక్స్ వైపు, ఉన్నచోటే ఉంది. శబ్దం కిందినుంచి వస్తోందని మాస్టారికి అనిపించింది కానీ, అది పుట్టింది బోనెట్ కింద, డ్రైవర్ ఎదురుగా. ఇనుప బాడీలో శబ్దం ఎక్కడ పుట్టిందో చెవితో పట్టడం కష్టం.

చాలామంది గేర్ రాడ్ చూసి చెప్పేస్తారు, యాక్సిలరేటర్ తొక్కి వదిలితే అది ముందుకీ వెనక్కీ ఊగుతోందా అని. రాడ్ లింకేజీ ఉన్న పాత బళ్లలో అది మంచి గుర్తే. ఈ కారులాగా కేబుళ్లతో గేర్లు మారేవాటిలో అంతగా కనపడదు, ఊగలేదు కాబట్టి మౌంటింగులు బాగున్నాయని అనుకోవద్దు.

రబ్బరు కింద నల్లటి తడి

కుడి మౌంటింగ్ ఈ కారులో కూలెంట్ డబ్బా కింద దాక్కుని ఉంటుంది. చల్లారిన ఇంజిన్ మీద టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి చూశాను. పైనుంచి చూస్తే రబ్బరు నిండుగా, బాగానే ఉంది. ఇక్కడే చాలామంది మౌంటింగ్ మంచిదే అని తేల్చేస్తారు. అద్దంలో కింది అంచు కనపడింది. ఇనుముకీ రబ్బరుకీ మధ్య అతుకు దగ్గర గోరు దూరేంత నెర్ర. దాని కిందినుంచి ఛాసిస్ పట్టా మీదికి దుమ్ము పట్టిన నల్లటి జిగురు చార.

ఈ చార మూడు రకాలది కావచ్చు. ఇంజిన్ ఆయిలు, కూలెంట్, లేదా మౌంటింగ్ లోపలి ద్రవం. తడిపిన గుడ్డతో తుడిచాను. చార నీళ్లకి కరిగి గుడ్డకి వచ్చేసింది. ఇంజిన్ ఆయిలైతే నీటితో అలా రాదు, ఇంకా పులుముకుంటుంది. కాబట్టి ఇది గ్లైకాల్. కూలెంట్లోనూ గ్లైకాలే ఉంటుంది, పైన డబ్బా కూడా ఉంది, కాబట్టి అక్కడితో ఆగకూడదు. డబ్బాలో కూలెంట్ గీత దాకా ఉంది, మాస్టారు ఈమధ్య పోసింది కూడా లేదు, గొట్టాల క్లిప్పుల దగ్గర పొడిగా ఉంది. చార మౌంటింగ్ రబ్బరు అంచు దగ్గరే మొదలవుతోంది. పైన ఎక్కడా లేదు.

ఈ ద్రవం నీళ్లకి కరిగేదే కాబట్టి ఒక జాగ్రత్త ఉంది. వణుకు మొదలయ్యాక ఇంజిన్ రూముకి వాటర్ వాష్ చేయించకండి. లీకు ఆనవాళ్లన్నీ కొట్టుకుపోతాయి, ఆ తర్వాత చూసినవాళ్లకి శుభ్రమైన మౌంటింగ్ కనపడుతుంది. మౌంటింగ్ మీద ఇంజిన్ ఆయిలు కారుతున్నా వదిలెయ్యకూడదు, ఆయిలు పీల్చుకున్న సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడి చిరిగిపోతుంది. అప్పుడు లీకు ఆపకుండా మౌంటింగ్ మార్చడం దండగ.

జాకీతో ఆఖరి రుజువు

ఇంతవరకు దొరికినవి చాలు. అయినా కొత్త పార్టు తెప్పించేముందు ఇంకొకటి చేశాను. ఆయిల్ ఛాంబర్ కింద వెడల్పాటి చెక్క పలక, దాని కింద జాకీ. ఇంజిన్ ఆపి, బరువు జాకీ మీదికి వచ్చేదాకా మాత్రమే ఎత్తాను. చెక్క లేకుండా జాకీ నేరుగా ఛాంబర్‌కి తగిలించకూడదు. అల్యూమినియం ఛాంబర్ పగలొచ్చు. రేకు ఛాంబర్ సొట్టపడి లోపల ఆయిల్ పీల్చే గొట్టం మూతి మూసుకుపోవచ్చు, అది మౌంటింగ్ కన్నా వందరెట్లు పెద్ద నష్టం. జాకీ మీద ఉన్న బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టకూడదు. ఇది పక్కనుంచే, పైనుంచే చూసే పరీక్ష.

జాకీ ఎత్తుతుంటే మంచి మౌంటింగ్‌లో రబ్బరు సాగుతూ ఇంజిన్‌తో పాటు లేస్తుంది. ఇక్కడ ఇంజిన్ లేచింది, రబ్బరు లేవలేదు. నెర్ర నోరు తెరుచుకుని వేలు పట్టేంత ఖాళీ కనపడింది. మాస్టారిని వంగి చూడమన్నాను. ఆయన చాలాసేపు చూశారు. "ఇంతకాలం ఇంజిన్ ఇనుము మీద ఇనుముగా కూర్చుందా?" అన్నారు. అవును, దాదాపు అంతే.

ఇంజిన్‌ని జాకీ మీద ఉంచి స్టార్ట్ చేసి వణుకు తగ్గిందా అని చూడటం కొందరు చేస్తారు. నేను ఇంటి దగ్గర చెయ్యమని చెప్పను. జాకీ జారే ప్రమాదం ఒకటి, రెండోది మంచి మౌంటింగ్ ఉన్నా వణుకు కొంత నేలలోకి పోయి తగ్గినట్టే కనపడుతుంది. తప్పుదారి పట్టించే పరీక్ష.

ఎడమ మౌంటింగ్ రబ్బరు మీద సన్నటి వెంట్రుక గీతలున్నాయి. పదేళ్ల ఎండకీ ఇంజిన్ వేడికీ రబ్బరు పైపొర అలా నెర్రెలిస్తుంది. ఆ గీతలు లోపలికి దిగి ఇనుము అంచు వెంట సాగితేనే ప్రమాదం. లివర్ రాడ్‌తో కదిపితే గట్టిగా, సమానంగా తిరిగొచ్చింది. దాన్ని మార్చలేదు. మూడూ ఒకేసారి మార్చెయ్యండి అనే సలహా అన్నిచోట్లా వినపడుతుంది. పోయినదాన్ని వదిలేసి మిగతా రెండు మార్చడం ఎంత తప్పో, బాగున్నదాన్ని తీసి పారెయ్యడమూ అంతే తప్పు అని నా అభిప్రాయం.

అసలు జరిగింది ఏమిటంటే

కుడి మౌంటింగ్ ద్రవం ముందు కారిపోయింది. ఇంజిన్ కుడి చివర కిందికి జారింది. దాంతో టార్క్ రాడ్ తనకి లేని కోణంలో, తనది కాని బరువుతో పనిచెయ్యాల్సి వచ్చి దాని బుష్ చిరిగింది. చిరిగిన బుష్ కారు కిందికి వంగగానే కంటికి కనపడుతుంది కాబట్టి దాన్నే దోషిగా తేల్చి మార్చారు. మార్చినది కంపెనీ బుష్ కన్నా గట్టి రబ్బరుది. అది ఒరుగుడుని ఆపింది, శబ్దం తగ్గింది. కానీ ఐడిలింగ్ వణుకుకి క్రాస్ మెంబర్‌లోకి ఇంకో దారి తెరిచింది. మాస్టారు చెప్పిన "మార్చాక వణుకు పెరిగింది" అన్నదానికి వివరణ ఇదే. రబ్బరుకన్నా గట్టివైన పాలియురేథేన్ బుష్‌లు వేయించుకునేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి. రేసింగ్ కారుకి అవి వరం, సిగ్నల్ దగ్గర ఆగే కారుకి కాదు.

కుడి మౌంటింగూ, కంపెనీ రకం టార్క్ రాడూ విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాం. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు సరిచూసుకున్నాకే తీసుకోవాలి. అదే ఆకారంలో, లోపల ద్రవం లేని ఉత్త రబ్బరు మౌంటింగులూ మార్కెట్లో ఉంటాయి. చవకే, బోల్టులూ సరిపోతాయి, ఐడిలింగ్ వణుకు మాత్రం పూర్తిగా పోదు. కొత్తదాన్ని పాతదాని పక్కన బల్ల మీద నిలబెట్టి చూస్తే పాతదాని నడిమి ఇనుము ఎంత కుంగిందో మాస్టారికి స్కేలు లేకుండానే కనపడింది.

బిగించడంలో ఒక పద్ధతి ఉంది, కొత్త మౌంటింగులు వేసినా వణుకు పోలేదని వచ్చే కార్లలో చాలావాటికి కారణం ఇది పాటించకపోవడమే. ఒక్కో బోల్టూ అక్కడికక్కడే పూర్తిగా బిగించకూడదు. అన్నీ చేత్తో ఎక్కించి, జాకీ దింపి, ఇంజిన్ బరువు మౌంటింగుల మీద పడనివ్వాలి. ఇంజిన్‌ని చేత్తో రెండుమూడుసార్లు ఊపాలి. అది తనకి అనువైన చోట కూర్చుంటుంది. అప్పుడు కుడీ ఎడమా బిగించి, టార్క్ రాడ్ బోల్టులు ఆఖరున, కారు చక్రాల మీద నిలబడి ఉండగా బిగించాలి. అందుకే కదల్చని ఎడమ మౌంటింగ్ బోల్టులు కూడా వదులు చేసి మళ్లీ బిగించాను. లేకపోతే రబ్బరు మెలితిరిగి బిగుసుకుపోతుంది, ఆ మెలికతోనే జీవితాంతం పనిచేస్తుంది, తొందరగా చిరుగుతుంది. ఎంత బిగించాలన్నది సర్వీస్ మాన్యువల్ అంకె ప్రకారం టార్క్ రెంచితోనే. ఈ దశ మాత్రం అనుభవం ఉన్న మనిషి చేస్తేనే మంచిది. కనిపెట్టడం ఇంటి దగ్గర ఎవరైనా చెయ్యొచ్చు, ఇంజిన్ బరువుని గాల్లో నిలబెట్టి బోల్టు తియ్యడం వేరే పని.

పని అయ్యాక

ఫోను మళ్లీ అదే పట్టా మీద, అదే చోట, అదే టేపుతో పెట్టాం. 28 దగ్గరి స్తంభం సగానికన్నా కిందికి దిగింది. ఏసీ వేస్తే కొద్దిగా లేచింది, డీజిల్ ఇంజిన్ కాబట్టి అంత ఉంటుంది. అద్దంలో వెనకాల గేటు మీది ఇంటి నంబరు చదవగలిగారు. రివర్స్‌లో దబ్ లేదు. క్లచ్ అదే, ఇంజెక్టర్లు అవే.

పోయిన మౌంటింగ్‌తో చాలాకాలం తిరిగిన కారు కాబట్టి, ఇంజిన్ ఊపుడు భరించిన మిగతా వాటినీ చూశాను. సైలెన్సర్‌లో ఇంజిన్‌కి దగ్గరగా ఉండే జాలీ గొట్టం మొదట దెబ్బతింటుంది, ఇది తెగలేదు, పొగ మసి కూడా లేదు. యాక్సిల్ లోపలి బూటు చిరగలేదు. ఏసీ పైపు మాత్రం ఒకచోట బ్రాకెట్‌కి ఒరుసుకుని పెయింటు లేచిపోయింది, అక్కడ రబ్బరు ముక్క చుట్టి కట్టాను.

స్పీడ్ బ్రేకర్ మీద ముందు ఎడమవైపు టకటక ఇంకా ఉంది. అది స్టెబిలైజర్ లింకుది, చేత్తో ఊపితే చిన్నగా ఆడుతోంది. దానికీ మౌంటింగుకీ సంబంధం లేదని మాస్టారికి చెప్పాను, వచ్చే ఆయిల్ సర్వీసులో మారుస్తాం. ఎడమ మౌంటింగ్ మీది వెంట్రుక గీతలకి ఫోటో తీసి తేదీ రాసి ఉంచాను. సర్వీసుకి వచ్చినప్పుడు అదే కోణంలో మళ్లీ తీసి పోల్చాలి. గీత ఇనుము అంచు వైపు సాగి ఉంటే అప్పుడు అదీ దిగుతుంది.